కోతకాల పండుగకు పచ్చిక

మందిరం ముందు లాన్ వేయాలని తెల్లబండపల్లె సంఘం తీర్మానం చేసిన పూట ఊళ్ళోకి తాగునీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. తీర్మానం చదువుతున్నంతసేపూ బయట బిందెలు కొట్లాడుకుంటూనే ఉన్నాయి. అయినా లోపలివాళ్ళకు అందులో తేడా ఏమీ కనపడలేదు. మందిరం బోరులో నీళ్ళున్నాయి మరి. అది ప్రభువు దయ అని కమిటీ అంటుంది, లోతు అని బోరు వేసినవాడు అంటాడు.

తీర్మానం సంఘపెద్ద గాబ్రియేలుది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు దిగాడు గానీ డ్యూటీ దిగలేదు. ఆదివారం ఆలస్యంగా వచ్చినవాళ్ళను "లోపలికి జరగండప్పా, ముందర ఖాళీ" అని సర్దుతాడు. ప్రసంగం పొడుగైతే గోడమీద వేళ్ళతో రెండు దెబ్బలు వేస్తాడు. పాస్టరుగారు స్టాపు వచ్చిందని గ్రహించి ఆమెన్ చెప్పేస్తారు.

ఈయన ఆమధ్య కర్నూలులో ఒక పెళ్ళికి వెళ్ళి, ఫంక్షన్ హాలు ముందున్న పచ్చికను చూసి, భోజనం మీద కూడా మనసు పెట్టలేక తిరిగొచ్చాడు. "పెండ్లికొడుకును ఎవురూ సూడల్యాదప్పా. అందరూ గడ్డినే సూస్తాండారు" అని కమిటీలో చెప్పాడు. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడో తెలియదు కాబట్టి ఎవరూ ఎదురుచెప్పలేదు.

దీనికి తోడు, ఈసారి కోతకాల పండుగకు ముఖ్య అతిథిగా ఆరాధన మేడమ్ వస్తోంది. కర్నూలులో ఒక ఆడపిల్లల హాస్టలుకు ఆమె సూపరింటెండెంట్. ఆ హాస్టలు చుట్టూ పెద్ద ఖాళీ జాగా ఉంది. దాన్ని బాగుచేయించడానికి మంచి కాంట్రాక్టరు కోసం వెతుకుతోందని కబురు. ఆమె వచ్చేనాటికి మందిరం ముందు పచ్చగా కనపడాలన్నది గాబ్రియేలు పట్టుదల. పేరే కోతల పండుగ. ఆ ఏడు జొన్న కోసినవాళ్ళ కంటే కోతలు కోసినవాళ్ళే ఎక్కువ.

మొదట కర్నూలు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. చొక్కా జేబు మీద ఆకు బొమ్మ, చేతిలో ట్యాబు. తాను చేసేది తోటపని కాదని, ల్యాండ్‌స్కేపింగ్ అని కూర్చోకముందే చెప్పాడు.

"అంటే ఏందప్పా?" అన్నాడు గాబ్రియేలు.

"ల్యాండుకు కొత్త రూపం ఇవ్వడం సార్."

"ల్యాండు మాది, ఎస్కేపు నీదా?" అని వెనక బెంచీ నుంచి దాసన్న అందుకున్నాడు. పండుగనాడు కానుకల వేలం పాడించేది దాసన్నే. కరెంటు పోయినా పనిచేసే మైకు ఊళ్ళో అతని గొంతొక్కటే.

ట్యాబులో మందిరం ముందు ఫౌంటెన్ ఎగసింది. తెల్లబండపల్లెలో ఫౌంటెన్ అనే మాటకు అప్పటిదాకా పెన్నుతోనే సంబంధం. ఫౌంటెన్ పక్కన చిన్న వంతెన కూడా ఉంది.

"వంతెన కింద ఏముంటాది?" అన్నాడు గాబ్రియేలు.

"వాగు సార్. అది కూడా మేమే ఏర్పాటు చేస్తాం."

"మా కమిటీలోనే వాగేటోళ్ళు శానామంది ఉండారు. వాళ్ళ మీద కట్టు నీ వంతెన" అన్నాడు దాసన్న.

ట్యాబు మూతపడింది.

రెండోవాడు డోన్ మనిషి. బండలు పరిచే పని. "గడ్డీ గిడ్డీ దేనికి సార్? ఈ మూల నుంచి ఆ మూలకు బండ పరిచేస్తా. మీ మనవళ్ళ కాలానికీ కదల్దు" అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎండాకాలం కూడికలు ఆరుబయటే జరుగుతాయి. మోకాళ్ళ కింద బండ కాలితే ప్రార్థనలు పొట్టిగా ముగుస్తాయని వాళ్ళ ఆశ. సరిగ్గా అందుకే పెద్దలు వద్దన్నారు. మాటామాటా పెరిగింది. బండ మనిషి నోటినుంచి రెండు బండ మాటలు కూడా రాలాక, పాస్టరుగారే లేచి ప్రార్థన చేసి అతన్ని సాగనంపారు.

మూడోవాడు యేసుప్రసాద్. ఊరివాడే.

పెళ్ళికి ముందు నుంచీ అతను డోన్ దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాయి నున్నబడేకొద్దీ అతని గొంతు గరుకెక్కింది. మొదట రాత్రిపూట దగ్గేవాడు, తర్వాత పగటిపూట, చివరికి రెండింటి మధ్య తేడా లేకుండా పోయింది. కర్నూలు డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము లైటుకు పెట్టి చూసి, మళ్ళీ ఆ రాతిదుమ్ములోకి పోతే తన దగ్గరికి రానక్కర్లేదని, వచ్చినా చేయగలిగిందేమీ ఉండదని చెప్పాడు. యేసుప్రసాద్ ఫ్యాక్టరీ మానేసి ఒక నర్సరీలో మొక్కలకు నీళ్ళు పట్టే పనికి కుదిరాడు. గడ్డి పరచడం, కొమ్మ కత్తిరించడం, గుంత తీయడం అక్కడే నేర్చాడు. దగ్గు తగ్గింది. జీతం దగ్గు కంటే ముందే తగ్గింది. అది కూడా మానేసి, ఇంటి గోడమీద 'ప్రసాద్ లాన్స్' అని రాయించుకున్నాడు. లాన్లను లోన్లు అనుకుని వచ్చి, వడ్డీ ఎంతని అడిగిపోయినవాళ్ళు తప్ప ఆ గోడ చూసి వచ్చినవాళ్ళు లేరు.

అతని భార్య కృపారాణి ఇంట్లో మిషను కుడుతుంది. ఇల్లు ఆ మిషను చక్రం మీదే తిరుగుతోంది.

"మందిరం పని నీకొస్తే పండగ దాకా సూస్తా" అంది ఆమె. "ఆ మేడమ్ నీ పని సూసి హాస్టలు పని ఇస్తే సరి. ఇయ్యకపోతే సోమవారం ఫ్యాక్టరీకి పోవల్ల. పండగ అయ్యేదాకా నీ జాగా ఎవురికీ ఇయ్యనని ఆడ మేస్త్రీ ఫోన్ చేసినాడు."

"డాక్టరు ఏం చెప్పినాడో నువ్వూ విన్న్యావు గదమ్మే."

"విన్న్యా. బియ్యం అంగడోడు వినల్యా."

ఆ మాట అంటూ మిషను తొక్కుతూనే ఉంది. దారం ఎప్పుడో తెగిపోయిందని గుడ్డ చివరిదాకా వచ్చాక గానీ చూసుకోలేదు.

కమిటీ యేసుప్రసాద్‌కే పని ఇచ్చింది. అతని పనితనం చూసి కాదు. "మనోడే గదా. పని సెడితే యాడికి పోతాడు? ఆదివారం ఆదివారం మన కండ్ల ముందరే కూర్చోవల్ల" అన్నాడు గాబ్రియేలు. ఇంత గట్టి గ్యారంటీ కర్నూలు కాంట్రాక్టరు ట్యాబులో కూడా లేదు. మాజీ కండక్టరుకు, కొత్త కాంట్రాక్టరుకు ఆ విధంగా ఒప్పందం కుదిరింది.

గోదావరి వైపు నుంచి గడ్డి చాపల్లా చుట్టి లారీలో వచ్చింది. అంత దూరం నుంచి చుట్టాలు కూడా రాని ఊరికి చుట్టలు వచ్చాయని దాసన్న ఊరంతా చెప్పాడు. యేసుప్రసాద్ రాళ్ళు ఏరి, నేల గుల్ల చేసి, చెరువుమట్టి కలిపి, చదును చేసి, చాప పక్కన చాప పరిచాడు. మెట్ల దగ్గర నుంచి గేటు దాకా, మధ్యలో దారి కూడా వదలకుండా. దారి వదులుదామని అతనే అన్నాడు, "బస్సులో మధ్యన దారి ఉంటాది గాని ఫంక్షన్ హాల్లో ల్యాకుండె" అని గాబ్రియేలు ఒప్పుకోలేదు. పొద్దునా సాయంత్రం పైపు పట్టాడు. ట్యాంకరు రాని రోజున ఆడవాళ్ళు బిందెలు తెచ్చి పైపు కింద పెట్టారు. వాళ్ళకు పోగా మిగిలింది గడ్డి తాగింది.

మొత్తానికి పచ్చబడింది. పచ్చి నిజం, ఊరు ఊరంతా వచ్చి చూసింది. ముసలివాళ్ళు చెప్పులు విడిచి అరికాలితో ఒకసారి తాకి, వెంటనే తీసేసుకున్నారు. ఎందుకంటే గాబ్రియేలు గేటు దగ్గరే ఉన్నాడు. "దిగప్పా, దిగు. స్టాపు కాదిది" అని అందర్నీ దింపేస్తున్నాడు. జనం గోడవారగా, ఒకరి వెనక ఒకరు, పక్కవాకిలి నుంచి మందిరంలోకి పోవడం అలవాటు చేసుకున్నారు.

ఇంత చేసినవాళ్ళలో ఒక్కరికీ ఒక సంగతి తట్టలేదు. లాన్ వేసింది కోతకాల పండుగకు. కోతకాల పండుగ అంటే కానుకలు. జొన్నలు, కందులు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు సరే, వాటితోపాటు మేకలు, గొర్రెలు, కోళ్ళు, అప్పుడప్పుడు ఒక దూడ. తెల్లబండపల్లె ఆచారం ఏమిటంటే, ప్రాణమున్న కానుక తన కాళ్ళమీద తాను నడిచి మందిరం మెట్ల దాకా రావాలి. పాస్టరుగారు దాని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. తర్వాతే వేలం. తాతల నాటినుంచీ అంతే. ఏటా చూసేవాళ్ళే, ఏటా తోలుకొచ్చేవాళ్ళే పండుగ కోసమని గడ్డి పరిపించారు. ఊళ్ళో మేకలకు వేరే ఎవరూ ఆహ్వానం పంపనక్కర్లేకపోయింది.

పండుగ ఆదివారం పొద్దున గేటు బయట మొదటి మేక అరిచినప్పుడు గాబ్రియేలు ముఖంలో ఆ సంగతి తట్టిన రంగు కనిపించింది. అది పచ్చరంగు కాదు.

ఆయన అప్పటికప్పుడు రూటు మార్చేశాడు. "ధాన్యం, కాయలు, గుడ్లు లోపలికి. నాలుగు కాళ్ళవన్నీ రోడ్డువార కట్టేయండి. పాస్టరుగారే బయటకు వచ్చి ప్రార్థన చేస్తారు." గేటు ఒక రెక్క మూసి, తెరిచిన రెక్క దగ్గర యేసుప్రసాద్‌ను నిలబెట్టాడు. "నీ గడ్డి, నువ్వే కాసుకో. మేడమ్ దావలో ఉండాదంట."

యేసుప్రసాద్ తెల్లచొక్కాలో గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక పచ్చిక మంచు తడితో మెరుస్తోంది. ముందు రోడ్డు మీద ఊరు వస్తోంది.

"బయటనే కట్టేయండి పెద్దమ్మా, దండం పెడ్తా."

"దేవుని కానుక బయట, నువ్వు లోపలా?" అంది మేకతో వచ్చిన పెద్దమ్మ. "నువ్వేం కానుక తెచ్చినావని లోపల నిలబడినావురా?"

"గడ్డి పాడైపోతాది పెద్దమ్మా."

"గడ్డి పాడైతాదని మేకను ఆపేటోన్ని నా బతుకులో ఇప్పుడే సూస్తాండా."

వెనక దాసన్న రెండు కోళ్ళు చంకన పెట్టుకుని వచ్చాడు. "కోడికి రెండే కాళ్ళప్పా, రూలు ప్రకారం టికెట్టు ఉండాది" అని లోపలికి దూరిపోయాడు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ రోడ్డువార కంపచెట్లకు మేకల్ని కట్టారు. కట్టినవాళ్ళు లోపలికి పోలేదు. తమ కానుక దగ్గరే, చేతులు కట్టుకుని, యేసుప్రసాద్‌నే చూస్తూ నిలబడ్డారు. పండుగ గేటు బయటా, పచ్చిక గేటు లోపలా అయ్యాయి.

కృపారాణి వచ్చి భర్త పక్కన నిలబడింది. వీధివైపు చూస్తూ, పెదాలు కదలకుండా, "ఇంకొంచెంసేపు ఓర్చుకో. మేడమ్ వచ్చి సూసేదాకా" అంది.

అప్పుడే జీవమ్మ వచ్చింది. కృపారాణి తల్లి. పక్క ఊళ్ళో ఒక్కతే ఉంటూ నాలుగు జీవాలు మేపుకుంటుంది. ఎండలో నడిచి వచ్చింది. వెంట ఒక పొట్టేలు. కొమ్ములకు పసుపురంగు రిబ్బను, మెడలో బంతిపూల దండ. పొట్ట నిండా గర్వమున్న పొట్టేలు.

"అమ్మా, బయట కట్టేయమ్మా. ఈసారి లోపలికి తోలేది ల్యా" అంది కృపారాణి.

జీవమ్మ కూతుర్ని చూడలేదు. అల్లుణ్ణి చూసింది.

"ఇది ఎవరి పొట్టేలో తెలుసునా అల్లుడా?"

"నీదే గదత్తా."

"నీది. నువ్వు మా ఇంట్లో మంచం మీద దగ్గి దగ్గి నీలుక్కొని పోతాంటివి సూడు, అప్పుడు ఇది ఇంతది. దీన్ని ఒళ్ళో పెట్టుకొని నేను ప్రార్థన చేసినా. ప్రభువా, ఈ పిలగాని ఊపిరి నిలబెడితే ఈ పిల్లను నీ మెట్లకాడికి నడిపించుకొనొస్తా అన్న్యా. నీ ఊపిరి నిలబడె. ఇది పెరిగె. ఇంగ జరుగు."

సాధారణంగా మొక్కుబడి అంటే మొక్కుబడిగా తీర్చేసేవాళ్ళే ఎక్కువ. జీవమ్మ ఆ రకం కాదు.

యేసుప్రసాద్ పచ్చికవైపు చూశాడు. గాబ్రియేలు వైపు చూశాడు. "అత్తా, నేను దీన్ని భుజాన ఎత్తుకొని మెట్లకాడ దించుతా" అన్నాడు.

"నడిపిస్తా అంటి గాని, మోపిస్తా అన్లా."

గాబ్రియేలే దగ్గరికి వచ్చాడు. ఆయనకు సంగతి అర్థమైంది. గొంతు తగ్గించి, "సరేలేప్పా, ఈ ఒక్కదాన్నీ వదిలేయ్. గోడవారగా తోలు. స్టాఫ్ పాసు అనుకుంటాం" అన్నాడు.

తగ్గించిన గొంతు కూడా కండక్టరు గొంతే. రోడ్డువార ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

"అత్త పొట్టేలుకు పాసు, మా మేకలకు ఫుట్‌బోర్డా?" అంది మొదటొచ్చిన పెద్దమ్మ. "నేనూ మొక్కుకున్న్యా. నా కొడుకు లారీ తోల్తాడు. వాని ఊపిరి ఊపిరి కాదా?"

ఎవరూ కేకలు వేయలేదు. ఒకరిద్దరు కంపచెట్లకు కట్టిన తాళ్ళు విప్పి చేతికి చుట్టుకున్నారు. అంతే.

అదే సమయంలో రోడ్డు మలుపులో తెల్లకారు దుమ్ము లేపుకుంటూ కనపడింది. "మేడమ్! మేడమ్ వచ్చె!" అని గాబ్రియేలు దండ కోసం లోపలికి పరిగెత్తాడు.

కృపారాణి భర్త మోచెయ్యి పట్టుకుంది. "రేపు సోమవారం" అంది.

యేసుప్రసాద్ ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. మూసి ఉన్న రెక్క గడియ తీసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పక్కకు తప్పుకున్నాడు.

"రాండి" అన్నాడు. "అందరూ రాండి."

ముందు జీవమ్మ పొట్టేలు నడిచింది. పచ్చిక మీద కాలు పెట్టాక దానికి నమ్మకం కుదరక ఒక క్షణం ఆగింది. పుట్టినప్పటినుంచి ముళ్ళకంప, ఎండుటాకు తప్ప ఎరగని జీవం అది. తల దించింది. మళ్ళీ ఎత్తలేదు. దాని వెనక మేకలు, గొర్రెలు, ఒక దూడ, దూడ కోసం తాడు తెంపుకున్న ఆవు. ఆవరణ కాస్తా ఆవు రణమైంది. మనిషి పరిచాడు, మేకలు మేశాయి. గడ్డి ఇంకా పూర్తిగా వేళ్ళూనలేదేమో, ఒక మేక కొస పట్టుకుని లాగితే చాప మొత్తం దుప్పటిలా లేచి వచ్చింది. రెండో మేక అవతలి కొస పట్టుకుంది. పాస్టరుగారు మెట్లమీద చెయ్యి చాపి నిలబడ్డారు గానీ, ఆశీర్వాదానికి తల ఎత్తే జీవమే లేదు. చివరికి ఆయనే దిగివచ్చి, వంగి, మేస్తున్న తలల మీద ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెడుతూ పోయారు. జీవమ్మ పొట్టేలును మాత్రం ఆమె కొమ్ములు పట్టి మెట్ల దాకా నడిపించే తీరింది.

ఆరాధన మేడమ్ గేటులోకి వచ్చేసరికి పచ్చిక సగం నేలమీద, సగం నోళ్ళలో ఉంది. నడివయసు మనిషి, నూలుచీర, చేతిలో సంచి. గాబ్రియేలు దండ వేసి, చెమట తుడుచుకుని, "లాన్ వేయించినాం మేడమ్. ఇది ఫస్ట్ కటింగ్. మిషన్‌తో ఐతే పొగ వస్తాదని..." అన్నాడు.

"సేంద్రియ కటింగ్ మేడమ్" అన్నాడు దాసన్న.

మేడమ్ నవ్వలేదు. ఆవు తన సంచిని వాసన చూస్తుంటే పక్కకు జరుపుకుని, "గేటు తెరిచింది ఎవరు?" అంది.

గాబ్రియేలుతో సహా అందరూ యేసుప్రసాద్ వైపు చూపించారు.

"గడ్డి వేసింది ఎవరు?"

మళ్ళీ అతన్నే చూపించారు.

"నువ్వే వేసి, నువ్వే తెరిచావా?"

"ఔ మేడమ్." అతను ఇంకేదో చెప్పబోయాడు గానీ దగ్గు వచ్చినట్టయి ఆగాడు. రాలేదు. "ఆ దండ ఉన్న పొట్టేలు నా ఊపిరికి మొక్కుకున్నది. దాన్ని పంపి వేరేవాళ్ళవి ఆపలేకపోయినా."

మేడమ్ మేకల వైపు తిరిగింది. "మా హాస్టల్లో కూడా ఒకాయన లాన్ వేశాడు" అంది. "చుట్టూ తాడు కట్టాడు. తాడు దాటితే వాచ్‌మన్ ఈల వేస్తాడు. పిల్లలు సాయంత్రాలు వరండాలో నిలబడి గడ్డిని చూస్తుంటారు. ఎండాకాలానికి అది ఎండిపోయింది. నాకేం బాధ కలగలేదు. నువ్వు వేస్తే పిల్లలు ఆడుకోవచ్చా దాని మీద?"

కృపారాణి భర్త వైపు చూసింది. ఔనని చెప్పు అని ఆ చూపులో స్పష్టంగా రాసి ఉంది. చదువు రానివాడు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు.

"ల్యా మేడమ్" అన్నాడు యేసుప్రసాద్. "ఈ గడ్డి నిలబడదు. మేకలకే నిలబడల్యా. పిల్లలకు యాడ నిలబడ్తాది?"

"మరి ఏం వేస్తే నిలబడుతుంది?"

"వాళ్ళు ఏం ఆడతారో వాళ్ళను అడిగి చెప్తా."

కృపారాణి కొంగుతో ముఖం తుడుచుకుని అక్కడనుంచి వెళ్ళి ధాన్యం కుప్పల దగ్గర కూర్చుంది.

మేడమ్ సంచి భుజానికి తగిలించుకుంది. "మొత్తం ఇవ్వను. ఒక్క మూల ఇస్తా. రేపు పొద్దున్నే రా. పిల్లల్ని అడుగు. చెయ్యి. వాళ్ళు తొక్కి, దొర్లి, ఆడినాక ఏమైనా మిగిలితే మిగతా జాగా సంగతి మాట్లాడదాం."

తర్వాత దాసన్న వేలం మొదలుపెట్టాడు. మామూలుగా పొట్టేలును కొమ్ములు, బరువు చెప్పి పాడిస్తాడు. ఆ రోజు పాట మారింది. "సూడండప్పా, గోదావరి గడ్డి తిన్న పొట్టేలు! ఫంక్షన్ హాల్లో పెండ్లివాళ్ళు తొక్కే గడ్డి, ఇది నమిలింది! ఎవురికి కావాల, వేలెత్తండి!" జనం వేలంవెర్రిగా వేళ్ళెత్తారు. గాబ్రియేలు కూడా ఎత్తాడు, పోనీ తన లాన్‌లో కొంత భాగమైనా తన ఇంటికి వస్తుందని కాబోలు. ఆయనకు దక్కలేదు.

ఇంటికి వెళ్ళాక కృపారాణి అడిగింది. "మూల అంటే ఎంత?"

"తెల్దు. సూడల్ల."

"ఆ మూల ఐపోయినాక?"

"అదీ తెల్దు."

ఆమె మిషను మీద గుడ్డ కప్పింది. "ఫ్యాక్టరీ మేస్త్రీకి రెండు దినాలు ఆగమని చెప్తా. రేపు నేనూ వస్తా. ఆ మూల నేను కూడా సూస్తా."

కర్నూలు హాస్టల్లో వాళ్ళకు ఇచ్చిన మూల మరీ చిన్నదేమీ కాదు. గచ్చులాగా గట్టిపడిన ఎర్రనేల, మధ్యమధ్య గాజుపెంకులు. బడికి తయారై వచ్చిన ఆడపిల్లలు గుంపుగా చుట్టూ నిలబడ్డారు. యేసుప్రసాద్ గడ్డపారకు ఆనుకుని వాళ్ళనే అడిగాడు.

"మీకు ఈడ ఏం కావాల్నమ్మా? ఊయలా? పూలచెట్లా?"

"కబడ్డీ" అంది ఒక పిల్ల.

"గడ్డి వద్దా?"

"కబడ్డీ!" అన్నారు అందరూ.

ఇంత స్పష్టమైన తీర్మానం తెల్లబండపల్లె కమిటీ ఏనాడూ చేయలేదు. అతను వెంటనే గీత గీసి తవ్వడానికి గడ్డపార ఎత్తాడు. మొదటి పోటుకే ఎర్రదుమ్ము ముఖం ఎత్తున లేచింది.

"నిలుపు" అంది కృపారాణి.

కుళాయి దగ్గర నుంచి బకెట్టు తెచ్చి, అతను తవ్వబోయే చోట నీళ్ళు చల్లింది. నేల నల్లబడింది. "ఇప్పుడు తవ్వు" అంది. అతను తవ్వాడు. దుమ్ము లేవలేదు. ఆమె మళ్ళీ వెళ్ళి ఇంకో బకెట్టు తెచ్చి, ఒక అడుగు ముందు చల్లింది. అలా ముందు ఆమె నీళ్ళు, వెనక అతని గడ్డపార జరుగుతూ పోయాయి. పెంకులు ఏరారు, మట్టి జల్లెడ పట్టారు, తడి ఇసుక కలిపారు, అంచున తొక్కినా చావని నాటు గరిక కొంచెం నాటారు. అతను ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆమె పనికంటే ఎక్కువగా దానికే చెవి పెట్టుకుని ఉంది.

రెండో రోజుకూ పని పూర్తవలేదు. ఇంకా ఒక వైపు చదును చేయాల్సి ఉండగానే పిల్లలు బడినుంచి వచ్చేశారు. సంచులు వరండాలో విసిరేసి, చెప్పులు విప్పేసి, మెత్తటి మట్టిలోకి దూకారు. కాసేపటికి ఆట మొదలైంది. ఒక పక్షానికి ఒకరు తక్కువైతే, అడ్డంగా నిలబడి ఉన్నాడు కదా అని యేసుప్రసాద్‌నే లోపలికి లాగారు. వరండాలో ఆరాధన మేడమ్ నిలబడి చూస్తోంది. ఈల ఎవరూ వేయలేదు.

ఆ గోలలోనే కృపారాణి ఫోను మోగింది. ఫ్యాక్టరీ మేస్త్రీ.

"ఏం రాణెమ్మా, వస్తాండాడా ల్యాదా మీ ఆయన? జాగా అడిగేటోళ్ళు ఇద్దరుండారు ఈడ."

కృపారాణి ఎదురుగా చూసింది. ఆమె భర్త కబడ్డీ కబడ్డీ అని ఒక్క గుక్కలో అంటూ గీత దాటి అవతలికి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు కాళ్ళు పట్టుకున్నారు. మూడో పిల్ల వీపెక్కింది. అతను మట్టిలో బోర్లాపడి కూడా అంటూనే ఉన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. గీత మీద అతని వేళ్ళు తగిలేదాకా ఆ మాట ఎక్కడా తెగలేదు.

"ఇయ్యండన్నా" అంది ఫోనులో. "ఎవురికన్నా ఇచ్చేయండి."